నాలుగో కోటు

మా అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు మా హాలు గోడను, సంతలో గేదెను కొనబోయేవాడు దాని వీపు మీద చరిచినట్టు, అరచేత్తో రెండుసార్లు తట్టాడు. మొదటిసారికి ఏమీ కాలేదు. రెండోసారికి గోడ మీద దుప్పటంత మేర లప్పం, నిన్ననే వేసిన రంగుతో సహా, ఒక్క పెళ్లగా ఊడి ఆయన పాదాల మీద పడింది.

ఉదయం పది గంటలు. హాల్లో ఐదుగురం ఉన్నాం: అధ్యక్షుడు, నేను, కాఫీ పళ్లెంతో మా ఆవిడ, లప్పం పెట్టిన మేస్త్రి, అతని బావమరిది. తిరుగుతున్న ఫ్యాను తెల్లటి పొడిని లేపి అందరికీ సమానంగా పంచింది. కాఫీలో కూడా పడింది. అధ్యక్షుడు కట్టుకున్నది తెల్ల పంచె కావడం వల్ల ఆయనకు జరిగిన నష్టం పెద్దగా కనపడలేదు.

"ఏంటయ్యా ఇది? లప్పం పెట్టావా, దోసె పోశావా?" అన్నాడాయన మేస్త్రితో.

మేస్త్రి నా వంక ఒక్కసారి చూశాడు. నేను గోడ వంక చూశాను. అక్కడ చూడటానికి ఏమీ మిగల్లేదు, అయినా చాలా శ్రద్ధగా చూశాను.

ఇందులో ఉన్న సంగతి ఏమిటంటే, ఊడిపడిన ఆ పొర మేస్త్రి వేసింది కాదు. నేను వేసింది.

లప్పం అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. సిమెంటు గోడ ఎంత బాగా కట్టినా దాని మొహం మీద గుంటలుంటాయి, గరుకుంటుంది. రంగు వేసేముందు ఆ గుంటలు పూడ్చి నున్నగా చెయ్యడానికి పూసే తెల్లటి ముద్ద లప్పం. వెడల్పాటి రేకు బ్లేడుతో పల్చగా లాగి, ఎండాక ఎమరీ కాగితంతో రుద్దుతారు. మంచి పనివాడు పెట్టాక గోడ మీద అరచెయ్యి పెడితే గాజు మీద పెట్టినట్టుంటుంది. చెడ్డవాడు పెట్టినా మొదటి నెలరోజులూ అలాగే ఉంటుంది. ఈ రెండో లక్షణం వల్లే ఈ వృత్తిలో అనుమానాలెక్కువ.

మా అపార్ట్‌మెంట్ ఐదంతస్తులది. కిటికీలు పోర్టు వైపు, అక్కడి బొగ్గుపొడి ఎగిరొచ్చే వైపు. కట్టినప్పుడు వేసిన సున్నం తప్ప మెట్ల గోడలకు మరో దిక్కు లేదు. రెండో అంతస్తు మలుపులో పిల్లలు బొగ్గుతో గీసిన మూడు వికెట్లు, ఆ పిల్లలు ఉద్యోగాలు చేసుకుంటున్నా, ఇంకా నాటౌట్‌గానే ఉన్నాయి. ఆ మెట్లకీ వరండాలకీ లప్పం పెట్టించి రంగు వేయించాలని సంఘం మూడేళ్లు చర్చించింది. మూడేళ్ల తర్వాత తేలిన నిర్ణయం ఏమిటంటే, ఒక పనివాడి చేత ముందు నమూనాగా ఎవరింట్లోనైనా ఒక గోడ చేయించి, నచ్చితే మొత్తం పని ఇద్దామని. ఎవరింట్లో అన్న ప్రశ్న రాగానే నేను చెయ్యెత్తాను. మా హాలు గోడ ఎలాగూ చేయించాల్సి ఉంది. ఆ ఆలోచన నాకు ముందు రాలేదని చెప్పను.

పనివాణ్ని తెచ్చింది కూడా నేనే. యాభైకి దగ్గర పడిన మనిషి. భీమిలికి అవతల ఒక పల్లె. అంతకుముందు రెండేళ్లుగా అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ షెడ్లకు రంగులు వేస్తున్నాడు. భీమిలి నుంచి అచ్యుతాపురం అంటే ఊరి ఈ చివర నుంచి ఆ చివర దాటి ఇంకా వెళ్లడం. చీకటితో బస్సెక్కి చీకటితో దిగడం.

"మా ఇంటి గోడలకి లప్పం నేదు బాబూ," అన్నాడు మొదటిరోజే, నవ్వుతూ. "లప్పం మేస్త్రి ఇల్లు అని ఊర్లో నవ్వుతారు. ఎలుతురుండగా ఇంటికెల్తే గదా పెట్టడానికి."

మా మెట్ల పని వస్తే నాలుగు నెలలు. ఒక్క బస్సు. అయిదింటికి బ్లేడు కడుక్కుంటే పొద్దు వాలకముందే ఇంట్లో ఉంటాడు. అతనికి కావలసింది అంతే. దానికి అడ్డంగా ఉన్నది మా హాల్లో పన్నెండడుగుల గోడ, ఆ గోడ యజమాని.

అతను పని మొదలుపెట్టిన తీరు చూసి నాకు ముచ్చటేసింది. ముందు కిటికీలన్నీ మూయించాడు. మా ఆవిడ ఉక్కపోస్తుందంటే, "పోర్టు నల్లపొడి గోడ మీద కూకుంటాదమ్మా. పొడి మీద లప్పం పెడితే, పొడిని పట్టుకుంటాది గానీ గోడని పట్టుకోదు," అన్నాడు. ఒక్కో కోటుకు ముందు తడిగుడ్డతో గోడంతా తుడిచాడు, పసిపిల్ల మొహం తుడిచినట్టు. మొదటి కోటు నిలువుగా లాగాడు. ఒక రోజు ఎండనిచ్చాడు. రెండోది అడ్డంగా లాగాడు. బావమరిది ఎమరీ పట్టాడు. మేస్త్రి వేళ్లు మడిచి, పనసపండును చూసినట్టు, గోడను అక్కడక్కడ కొట్టి చెవి పెట్టి విన్నాడు. అంతా గట్టిగా పలికింది.

అక్కడితో అయిపోవలసింది. కానీ అతనొక పొరపాటు చేశాడు. తన పని ఎంత బాగుందో నాకు చూపించాలనుకున్నాడు.

కర్టెన్లు దగ్గరికి లాగి, పొడుగాటి తీగకు కట్టిన బల్బు వెలిగించి, దాన్ని గోడకు ఎదురుగా కాకుండా పక్క నుంచి, గోడకు ఆనించినట్టు పట్టుకున్నాడు. వెంటనే నున్నటి గోడ మీద ఎత్తుపల్లాలన్నీ నీడలు వేశాయి. "ఎదురు లైట్లో అందరూ అందగాల్లే బాబూ. పక్క లైటెడితే తెలుత్తాది ఎవుడి మొకం ఎలాటిదో. సూడండి, ఇక్కడ రెండు, అక్కడొకటి. అంతే. ఇంత పెద్ద గోడకి మూడంటే ఏటీ నేనట్టే."

నాకు మూడు కనపడలేదు. ముప్పై కనపడ్డాయి.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక దినపత్రిక డెస్కులో కూర్చున్నవాణ్ని. వేరేవాళ్లు రాసిన దానిలో తప్పులు పట్టడం నా ఉద్యోగం. తప్పు లేకపోతే ఆ రోజు జీతం ఊరికే తీసుకున్నట్టుండేది. అలాంటివాడి చేతికి, దాగిన తప్పులన్నీ బయటపెట్టే దీపం ఇవ్వకూడదు. మేస్త్రికి నా చరిత్ర తెలియదు. బల్బు నా చేతికిచ్చి, టీ తాగడానికి కిందకెళ్లాడు.

వాళ్లు తిరిగొచ్చేసరికి గోడంతా పెన్సిల్ గుర్తులు. గుంట ఉన్నచోట సున్నా. ఎత్తు ఉన్నచోట కొట్టివేత. పల్చగా ఉన్నచోట, మాట పడిపోయిన చోట ప్రూఫుల్లో పెట్టే హంసపాదు గుర్తు. ఒకచోట అలవాటు కొద్దీ మార్జిన్‌లో 'చూడుము' అని కూడా రాశాను.

బావమరిది గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏటి బావా ఇది? మనం టీకెల్లొచ్చీలోపల గోడ మీద ముగ్గులెట్టీసినారు?"

"ముగ్గులు కావురా," అన్నాడు మేస్త్రి గోడంతా పారజూసి. "మార్కులేసినారు. మనం తప్పినాం."

వెటకారం అని నాకు అర్థమైంది. అయినా మూడో కోటు వెయ్యమన్నాను.

"రెండు కోట్లే బాబూ దీనికి. మూడోది ముద్దుకి. ఎయ్యమంటే ఎత్తాను. నాలుగోది మాత్రం ముప్పు. బరువెక్కీసి గోడని ఒగ్గెత్తాది." మూడోది వేశాడు. శనివారం ఎమరీ పట్టించి, బ్లేడు కడిగి, పాత లుంగీ ముక్కలో చుట్టి మా వరండాలో పెట్టి, ఆదివారం ఊర్లో పెళ్లి ఉందనీ, సోమవారం వచ్చి రంగు వేస్తాననీ, మంగళవారం పదింటికి అధ్యక్షుడు గారు చూసుకోవచ్చనీ చెప్పి వెళ్లాడు.

ఆదివారం ఉదయం నేను బల్బు వెలిగించాను.

పన్నెండు దొరికాయి. నిజం చెప్పాలంటే, దీపాన్ని కొంచెం వంచితే పన్నెండు, ఇంకా వంచితే ఇరవై. వెతికేవాడి కోణాన్ని బట్టి తప్పులు పుడతాయని డెస్కులో నాకు చాలామంది విలేకరులు చెప్పారు. నేను వినలేదు. గోడ చెబితే వింటానా?

డబ్బాలో పొడి మిగిలి ఉంది. బకెట్లో నీళ్లున్నాయి. మేస్త్రి బ్లేడు ఉంది. ముద్ద కలిపాను. ఎంత నీళ్లు పొయ్యాలో తెలియదు కాబట్టి కళ్లకు బాగున్నంత పోశాను. ఉక్కగా ఉందని శనివారం సాయంత్రమే కిటికీ తీసిపెట్టాను. అది రాత్రంతా తీసే ఉంది. గోడ మీద సన్నటి నల్లపొడీ, ఎమరీ పట్టిన తెల్లపొడీ కలిసి కూర్చుని ఉంటాయన్న సంగతి తట్టలేదు. తడిగుడ్డ సంగతి అసలు గుర్తు లేదు. గుంటలొక్కటే పూడుద్దామని మొదలుపెట్టాను. ఒక గుంట పూడిస్తే దాని పక్కది గుంటలా కనపడింది. మధ్యాహ్నానికి దుప్పటంత మేర అయింది.

మా ఆవిడ వంటగది గుమ్మంలోంచి చాలాసేపు చూసింది. "ఉప్మా కలిపితే ఉండలు కట్టే చెయ్యండీ అది," అంది. "పాపం ఆ గోడేం చేసింది?"

"దూరం నుంచి చూడు. ఎలా ఉంది?"

"దూరం నుంచి బాగానే ఉంది. ఇంకా దూరం వెళ్తే ఇంకా బాగుంటుంది."

నాకు మాత్రం నిజంగానే బాగుందనిపించింది. బ్లేడు కడిగి, లుంగీ ముక్కలో అచ్చం అలాగే చుట్టి పెట్టాను. సంతకం లేని వార్త పేజీలో పెట్టినట్టు.

సోమవారం మేస్త్రి లోపలికి వస్తూనే ఆగిపోయాడు. బల్బు వెయ్యలేదు. గోడ దగ్గరికెళ్లి వేళ్లు మడిచి కొట్టాడు. అంచుల దగ్గర టక్కుటక్కుమంది. మధ్యలో డబడబమంది. బావమరిది కూడా కొట్టి, బావ వంక చూశాడు.

"ఎవులు ముట్టుకున్నారు బాబూ?"

"నేనే. చిన్న టచప్."

అతను బ్లేడు చుట్టిన గుడ్డ విప్పి, అంచు మీద బొటనవేలు రాసి చూసుకున్నాడు. "ఇది గీకీసెత్తాను బాబూ. గీకి, తుడిసి, మల్లీ ఎత్తాను. ఒక్క రోజాగండి. రేపు కాదు, ఎల్లుండి రమ్మనండి ఆయన్ని."

"ఆగరయ్యా. ఆయనకు తెలిసినవాడొకడు మిషన్‌తో స్ప్రే కొట్టేవాడున్నాడు. ఒక రోజు వాయిదా అంటే వాణ్ని పిలిచేస్తారు. పై నుంచి రంగు వేసెయ్. పట్టుకునే ఉంటుంది."

ఇందులో మొదటి సగం నిజం. మిషన్ వాడున్నాడు. కానీ అధ్యక్షుడికి ఫోను చేసి ఒక్క రోజు ఆగండంటే ఆగేవాడే. ఆయనకు మంగళవారం వేరే రాచకార్యం ఏమీ లేదు. నేను ఫోను చెయ్యలేదు. చేస్తే ఎందుకు ఆగాలో చెప్పాలి కదా.

మేస్త్రి కొంతసేపు కిటికీలోంచి బయటకు చూశాడు. మిషన్ వాడి మాట అతనికి గట్టిగానే తగిలింది. "ఊడితే నా పేరే బాబూ పోతాది," అన్నాడు. నేను, ఊడదన్నాను. గోడల గురించి ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడికి, గోడల గురించి నాలుగు రోజుల అనుభవం ఉన్నవాడు అభయమిచ్చాడు. అతను రంగు వేశాడు.

మంగళవారం పదింటికి ఏం జరిగిందో చెప్పాను. చెప్పనిది ఆ తర్వాతి అయిదు నిమిషాలు.

అధ్యక్షుడు పాదాలు దులుపుకుంటూ, "ఇలాంటి పనితో ఐదంతస్తులు చేస్తే, మెట్లెక్కే వాళ్ల నెత్తిన పడుద్ది. ముసలోళ్లు తిరిగే చోటయ్యా ఇది," అన్నాడు. మాట న్యాయమైనదే.

బావమరిది ఉండబట్టలేకపోయాడు. "బావా, సెప్పవేటి? ఇది మనం—"

"నువ్వూరుకో," అన్నాడు మేస్త్రి. మోకాళ్ల మీద కూర్చుని ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. పెళ్ల వెనక వైపు నల్లగా, బూజు పట్టిన రొట్టెలా ఉంది. పోర్టు పొడి. తెలిసినవాడికి అది చాలు, ఎవరు తుడవకుండా పూశారో చెప్పడానికి. అతను ఆ వైపు కిందకు తిప్పి తట్టలో వేశాడు.

అప్పుడు నేను నోరు తెరిచాను. తెరిచి, "పోర్టు గాలండీ. తేమ. ఉప్పు. ఈ ఊళ్లో గోడలు నిలవవు," అన్నాను.

మా ఆవిడ కాఫీ పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఈ ఊళ్లో చొక్కా మాసినా, దగ్గొచ్చినా, స్కూటరు స్టార్టు కాకపోయినా పోర్టు మీద పడేస్తాం. సగంసార్లు అది నిజం కూడా. కానీ పాతికేళ్లు పోర్టులో పని చేసిన మా అధ్యక్షుడి ముందు ఆ మాట అంటే నమ్మడు. "నేనూ ఆ గాలే పీల్చానండీ. నా గోడలు ఊడలేదు," అని, ఆయన వెళ్లిపోయాడు. సాయంత్రానికల్లా సంఘం మినిట్స్ పుస్తకంలో ఒక వాక్యం చేరింది: నమూనా పని నాసిరకంగా ఉన్నందున సదరు పనివానికి మెట్ల పని ఇవ్వరాదు.

మర్నాడు మేస్త్రి వచ్చాడు. నేను పిలవలేదు. ఆ దుప్పటంత మేరా గీకాడు, తుడిచాడు, పల్చగా లాగాడు. రెండు రోజులు. కిటికీలు తనే మూశాడు. బల్బు సంచిలోంచి బయటకు తియ్యనేలేదు.

"వదిలెయ్యకపోయావా?" అన్నాను.

"నా గోడ సగంలో ఒగ్గీనేను బాబూ."

"మరి ఆ రోజు ఆయనతో చెప్పలేదేం, నేను వేశానని?"

బ్లేడు ఆపకుండానే చెప్పాడు. "ఇల్లు మీది, మాట మీది. మీరెదురుగుండా ఉండగా నాను సెప్తే సాడీ అవుద్ది. మీరు సెప్తే నిజం అవుద్ది."

అతను వెళ్లాక ఆ గోడ ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చాలా బాగుంది. మూడు గుంటలున్నాయి, ఎక్కడెక్కడో నాకు తెలుసు.

పత్రికలో తప్పు పడితే సవరణ వేస్తాం. మొదటి పేజీలో పడ్డ తప్పుకు లోపలి పేజీలో, పెళ్లిసంబంధాల పక్కన, భూతద్దం ఉంటే కనపడేంత. అక్కడ వెయ్యమని చెప్పినవాణ్ని నేనే. ఇప్పుడు సవరణ నేను రాయవలసి వచ్చింది. మొదటి ప్రతిలో 'గోడ పొర పడిపోవడం జరిగింది' అని రాశాను. రెండో ప్రతిలో 'ఇంటివారి అత్యుత్సాహం కారణంగా' అన్నాను. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివి, "ఇంటివారంటే నేనా?" అంది. మూడో ప్రతి ఒక పేజీన్నర వచ్చింది, అందులో సగం వాతావరణం. నాలుగోది రెండు వాక్యాలు: ఊడిన పూత పూసింది నేను. మేస్త్రి గీకేస్తానంటే వద్దన్నదీ నేనే. సంతకం పెట్టి అధ్యక్షుడికి ఇచ్చాను.

ఆయన రెండుసార్లు చదివాడు. "మీరా?" అన్నాడు. తర్వాత చాలాసేపు నవ్వాడు. మా అపార్ట్‌మెంట్‌లో నన్ను చూసి ఇప్పటికీ కొందరు గోడ తట్టినట్టు గాల్లో తడతారు; అది ఆ రోజు నుంచే. నవ్వడం అయ్యాక ఆయన పోర్టు ఆఫీసరు గొంతులోకి వచ్చేశాడు. "మినిట్స్‌లో ఎక్కింది కదండీ. తియ్యాలంటే మళ్లీ మీటింగ్ పెట్టి తీర్మానం చెయ్యాలి. నా ఒక్కడి చేతిలో లేదు."

మొదటి మీటింగ్‌కు నలుగురొచ్చారు. ఎనిమిది మంది ఉంటే గాని తీర్మానం చెల్లదు. రెండో మీటింగ్ క్రికెట్ మ్యాచ్ రోజున పెట్టారు. నేనూ అధ్యక్షుడూ వచ్చాం. మిషన్ వాడు కూడా మెట్లు చూసి, ఇరుకుగా ఉన్నాయి, మిషన్ తిరగదని వెళ్లిపోయాడు. కాబట్టి పని ఎవరికీ ఇవ్వలేదు.

మేస్త్రికి ఫోను చేశాను. వెనకాల బస్సు హారన్లు. తిరిగి అచ్యుతాపురమే వెళ్తున్నాడు. కాగితం ఇచ్చానని చెప్పాను. "మంచిది బాబూ," అన్నాడు. మీటింగ్ అయ్యాక పిలుస్తానన్నాను. "అయినాక సెప్పండి," అన్నాడు. ఇంటి గోడలకు లప్పం పెట్టాడేమో అడుగుదామనుకున్నాను. అడగలేదు.

నా కాగితం అధ్యక్షుడి ఫైల్లో ఉంది. రెండో అంతస్తు మలుపులో బొగ్గు వికెట్లు అలాగే ఉన్నాయి. మినిట్స్ పుస్తకంలో ఆ వాక్యం కూడా అలాగే ఉంది; మూడో మీటింగ్‌కు ఇంకా తేదీ వెయ్యలేదు.